సుభాన్ రేడియో చెప్పిన తేలికపాటి మంచు

సుభాన్ జూకి వాతావరణం చెప్పే జబ్బు ఉండేది. జబ్బు అనక ఇంకేమనాలి? ఎవరైనా సలాం చేస్తే బదులు సలాం చేసేలోపే వాతావరణం చెప్పేసేవాడు. ఒంట్లో ఎలా ఉంది కాకా అని అడిగితే బారాముల్లాలో ఎలా ఉందో చెప్పేవాడు. అదీ మామూలుగా కాదు. గొంతు సవరించుకుని, కళ్లు సగం మూసుకుని, అచ్చం రేడియోలో చదివినట్టు చదివేవాడు.

"రాగల ఇరవై నాలుగు గంటల్లో కాశ్మీర్ లోయ అంతటా ఎముకలు కొరికే చలి. అక్కడక్కడ తేలికపాటి మంచు."

ఏడాది పొడవునా ఇదొక్కటే సూచన. జూలైలో జనం చొక్కాలు విప్పి విసురుకుంటున్నప్పుడు కూడా ఇదే. కాకపోతే అప్పుడు ముందర "ఎత్తయిన కొండల మీద" అని ఓ ముక్క తగిలించేవాడు. పాత శ్రీనగర్‌లో జీలం ఒడ్డునున్న ఆ సందులో పసిపిల్లల దగ్గర్నుంచి మసీదు ఇమాం దాకా అందరూ అతన్ని సుభాన్ రేడియో అనే పిలిచేవారు. అతని ఇంట్లో మాత్రం రేడియో లేదు.

మరి సంగతులు ఎక్కణ్ణుంచి తెలిసేవంటే, భార్య ఫజీ మోకాళ్లలోంచి. ఎడమ మోకాలు లాగితే దక్షిణ కాశ్మీర్‌లో చలి, కుడి మోకాలు లాగితే ఉత్తరాన చలి. పొద్దున్నే లేవగానే "ఫజీ, అనంతనాగ్ ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"నొప్పిగా ఉంది."

"సోపోర్?"

"అదీ నొప్పిగానే ఉంది. రెండు జిల్లాలకీ కలిపి కాస్త నూనె తెచ్చి పడెయ్యి, రాసుకుని చస్తాను."

ఓసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి చూసి, "నూట రెండు" అన్నాడు. సుభాన్ జూ ఆ నీరసంలోనే లేచి కూర్చుని, "లోయ మొత్తానికా, ఒక్క శ్రీనగర్‌కేనా?" అన్నాడు. ఇంకోసారి ఎవరిదో నికా జరుగుతోంది. పెళ్లికొడుకుని మౌల్వీ కబూలా అని అడిగాడు. ఆ కుర్రాడికి సిగ్గో, భయమో, నోరు పెగల్లేదు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం సుభాన్ జూ భరించలేకపోయాడు. వెనక వరసలోంచి "రాగల ఇరవై నాలుగు గంటల్లో..." అని మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు బెదిరిపోయి కబూల్, కబూల్, కబూల్ అని గుక్క తిప్పుకోకుండా అనేశాడు. ఆ కాపురం బాగానే ఉందట.

ఇంకో ఏడు మంచు విరగ్గురిసి కింది అంతస్తు తలుపులు మూసుకుపోయాయి. జనం మేడ మీది కిటికీల్లోంచి దిగాల్సి వచ్చింది. ఇత్తడి పనివాడు గఫార్ పార పట్టుకుని నడుము దాకా మంచులో నిలబడి ఉంటే, పైనించి సుభాన్ జూ గొంతు వినిపించింది. "అక్కడక్కడ తేలికపాటి..."

"ఇది తేలికా? ఏమయ్యా రేడియో, కిందికొచ్చి ఎత్తి చూడు, ఇది తేలికా?"

"గుల్మర్గ్‌తో పోల్చి చూడు గఫారా."

ఇన్ని మాటలు పడినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పగలంతా కిటికీ పక్కన కూర్చుని చిరిగిన శాలువాలు రఫూ చేసేవాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఎలకలు కొట్టేసిన శాలువాని అతని చేతిలో పెడితే, తిరిగి ఇచ్చేటప్పుడు చిరుగు ఎక్కడుండేదో సొంతదారే వెతుక్కోవాలి. సాయంత్రం అయ్యేసరికి రొట్టెల ఖాలిక్ కొట్టు ముందు చేరి వాతావరణం చదివేవాడు. ఖాలిక్ తందూరులోంచి వేడి రొట్టెలు తీస్తుంటే జనం ఎటూ కదల్లేరు. అంతకంటే మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారు?

ఎదురింటి ముసలావిడ జానా దేద్ ఒక్కతే అతనికి చిక్కేది కాదు. సందు ఎంత ఇరుకంటే ఆవిడ కిటికీలోంచి అతని కిటికీలోకి ఉప్పు డబ్బా అందించుకోవచ్చు. అతను గొంతు సవరించుకోవడం ఆలస్యం, ఆవిడ కిటికీ ధడేలున మూసేసేది.

"దేద్! ఇంకా దక్షిణ కాశ్మీర్ మిగిలింది!"

"దాన్ని నువ్వే ఉంచుకోరా సుభానా!" అని లోపల్నించి జవాబు వచ్చేది.

జానా దేద్ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒంటరి మనిషి. రాట్నం ముందు కూర్చుని పష్మీనా నూలు వడికి బతికేది. వేళ్లు వంకర్లు పోయినా నూలు మాత్రం వెంట్రుకంత సన్నంగా వచ్చేది. ఆవిడకీ ఒక జబ్బుంది లెండి. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోదు. ఫజీ ఓసారి గిన్నెడు ముల్లంగి కూర పంపిస్తే, మర్నాడు ఆ గిన్నె నిండా అక్రోట్లతో తిరిగొచ్చింది. ఆ అక్రోట్లు ఆవిడ తన కోసం దాచుకున్నవని ఫజీకి తెలుసు. ఆ తరవాత మళ్లీ గిన్నె పంపే ధైర్యం చెయ్యలేదు. మసీదు కమిటీవాళ్లు ఓ చలికాలం బొగ్గుల బస్తా మోసుకొస్తే, వాళ్లని కూర్చోబెట్టి ఉప్పు ఛాయ్ పోసి, బస్తాని మళ్లీ వాళ్ల భుజాల మీదకే ఎత్తి, "మసీదు హమాంలో నీళ్లు కాచడానికి పనికొస్తాయి, నా తరఫున వెయ్యండి" అని పంపేసింది. దానం చెయ్యడానికొచ్చినవాళ్లు దానం పుచ్చుకుని వెళ్లారు.

అలాంటి మనిషికి చలికాలం ఎలా గడిచేదంటే, పందెం మీద.

తొలి మంచు పడ్డ రోజున కాశ్మీర్‌లో ఆడే ఆట ఒకటుంది. ఆ మంచు కాస్త తీసి, దేనిలోనో దాచి, ఎదుటి మనిషికి తెలియకుండా చేతిలో పెట్టాలి. అతను పుచ్చుకున్నాడా, "నవ్ షీన్ ముబారక్! కొత్త మంచు ముబారక్!" అని అరవాలి. పుచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. మిగతా వీధుల్లో ఓడినవాడు విందు పెట్టి చేతులు కడుక్కుంటాడు. ఈ సందులో తాతల నాటి కట్టుబాటు వేరు. నడి చలికాలపు నలభై రోజులు, చిల్లై కలాన్ దాటేదాకా, ఓడినవాడు గెలిచినవాళ్ల కాంగ్డీని పొద్దునా సాయంత్రం నిప్పులతో నింపాలి. బొగ్గు కూడా అతనిదే. ఆ బుట్ట కుంపటి ఫెరన్ అనే వదులు అంగీ లోపల పెట్టుకుంటేనే కదా ఆ చలిలో మనిషి మనిషిగా ఉండేది. పందేనికి ఒకటే షరతు, మంచు ఆ సందులో కురిసిందే అయ్యుండాలి. తగాదా వస్తే తీర్పు ఖాలిక్‌ది. అంతకుముందు వాళ్ల నాన్నది.

జానా దేద్ ఏటా సుభాన్ జూనే పట్టేది. వాతావరణం మీద అంత పట్టున్న మనిషి తొలి మంచు పడ్డ రోజున చంటిపిల్లాడికన్నా తేలిగ్గా దొరికిపోయేవాడు. ఓ ఏడు చిరిగిన ఫెరన్ రఫూకిచ్చి, దాని చేతి మడతలో మంచు కుక్కింది. ఓ ఏడు రొట్టెల బుట్టలో అడుగున పెట్టింది. ఓ ఏడు ఛాయ్ కాచే సమోవార్‌లో వేసి, "మూత బిగుసుకుపోయింది, కాస్త తియ్యి" అంది. ఇంకో ఏడు బద్ధకమేసి ఉత్త రుమాల్లో చుట్టి ఇచ్చింది. రుమాలు తడిసి నీళ్లు కారుతున్నాయి. "ఇందులో ఏముంది దేద్?" అన్నాడు. "తాయెత్తు" అంది. "అల్లా నీకు మేలు చెయ్యాలి" అని కళ్లకద్దుకున్నాడు!

సందు సందంతా పడీ పడీ నవ్వింది. జానా దేద్ గర్వానికి పట్టపగ్గాల్లేవు. అల్లికవాడితో చెప్పించి ఏటేటా కాంగ్డీని పెద్దది చేయించుకునేది. సుభాన్ జూ దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, "ఇది కాంగ్డీనా దేద్, తందూరా?" అని గగ్గోలు పెట్టేవాడు. "ఓడినవాడికి నోరెందుకు? పైనవన్నీ బూడిద పట్టాయి, ఎర్రటివి చూసి వెయ్యి" అని ఆవిడ దబాయించేది. అడుక్కోలేదు, గెలుచుకుంది. దబాయించకేం చేస్తుంది?

ఇలా అందరికీ హాయిగా సాగిపోతుండగా ఓ ఏడు మంచు పడలేదు.

చిల్లై కలాన్ వచ్చేసింది. ఆకాశం చూస్తే తోమిన పళ్లెంలా మెరుస్తోంది, పేరుకి ఒక్క మబ్బు లేదు. మంచు కప్పితే నేలకి కాస్త దుప్పటి కప్పినట్టుంటుంది. అదీ లేకపోయేసరికి చలి సరాసరి ఎముకల్లోకే దిగింది. కొళాయిలు గడ్డకట్టాయి. వాటి చుట్టూ కాగితాలు కాల్చినా చుక్క నీరు రాలేదు. దాల్ సరస్సు అంచుల్లో పిల్లలు నడుస్తున్నారు. పాలవాడు పాలు కొలవడం మానేసి విరిచి ఇస్తున్నాడు.

జానా దేద్ గుండెల్లో రాయి పడింది. మంచు పడకపోతే పందెం లేదు. పందెం లేకపోతే నిప్పుల్లేవు. గెలుస్తానన్న ధీమాతో ఆవిడ ఈ ఏడు బొగ్గు సరిగ్గా కొనుక్కోలేదు. ఉన్న కాసిని బొగ్గుల మీదా బూడిద కప్పి, అవి సాయంత్రం దాకా ఉండేలా చూసుకునేది. వేళ్లు కొంకర్లు పోయి నూలు తెగిపోయేది. నూలు తెగితే పని తగ్గుతుంది, పని తగ్గితే బొగ్గు ఇంకా తగ్గుతుంది. మధ్యాహ్నానికే దుప్పట్లో దూరి పడుకునేది. ఎవరైనా తలుపు తడితే లేచి, బుగ్గలు గట్టిగా రుద్దుకుని, "అబ్బ, లోపల ఉక్క!" అనుకుంటూ వచ్చేది.

చెప్పొద్దూ, ఆ రోజుల్లో ఆవిడ కిటికీ మూయడం మానేసింది. సుభాన్ జూ గొంతు సవరించుకోగానే రెక్క వేలెడు సందు తెరిచి చెవి పెట్టేది.

"రాగల ఇరవై నాలుగు గంటల్లో లోయ అంతటా ఎముకలు కొరికే చలి. అక్కడక్కడ తేలికపాటి మంచు!"

"ఏదయ్యా నీ మంచు?" అని గఫార్ ఎగతాళి. "చలి వచ్చింది, దాని జతగాడు రాలేదేం?"

"దారిలో ఉంది. నిన్న గుల్మర్గ్‌లో దిగింది. ఇవాళ తంగ్‌మర్గ్‌లో ఛాయ్ తాగుతోంది. రేపు బస్సెక్కుతుంది."

"ఆ బస్సు చెడిపోయిందేమో కనుక్కో!"

సందంతా నవ్వింది. సుభాన్ జూ నవ్వలేదు. ఎదురు కిటికీ వంక ఓసారి చూసి, తల గీరుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాటి నించీ అతని వాలకం మారిపోయింది. ఖాలిక్ కొట్టు దగ్గర కొత్త పందేలు ప్రతిపాదించడం మొదలుపెట్టాడు. మంచు సంగతి తరవాత, కొళాయిలకి వేలాడే మంచు ఊచల్లో ఏది ముందు విరుగుతుందో పందెం వేసుకుందామన్నాడు. ఎవరూ రాలేదు. సందులో గడ్డకట్టిన నీళ్ల మీద ఎవరు ముందు జారి పడతారో పందెమన్నాడు. దానికీ ఎవరూ ఊఁ అనలేదు. ఓ పొద్దున జానా దేద్ కిటికీ తీసేసరికి కింద సుభాన్ జూ ఆ గడ్డ నీళ్ల మీద అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ఆవిడ కంటబడగానే రెండు కాళ్లూ గాల్లోకి లేపి వెల్లకిలా పడ్డాడు. నడుం విరిగినట్టే చప్పుడైంది.

"పడ్డాను దేద్! నువ్వు గెలిచావ్!"

"నేను నీతో పందెమెప్పుడు కాశానురా పిచ్చి సన్నాసీ? లే, చస్తావు!"

"మనసులో కాసే ఉంటావు. నిజం చెప్పు, వీడు పడతాడని అనుకోలేదూ?"

"అది నువ్వు పుట్టినప్పట్నించీ అనుకుంటున్నా. దానికి పందెమెందుకు?"

అతను మూలుగుతూ లేచి నడుం పట్టుకుని పోయాడు. ఆవిడ నవ్వాపుకోలేక కిటికీ మూసింది. మూసి లోపలికి తిరగ్గానే నవ్వు పోయింది. బొగ్గుల బుట్ట అడుగు కనిపిస్తోంది.

ఆ వారంలోనే ఓ రోజు సుభాన్ జూ కనపడకుండా పోయాడు. పొద్దున్నే పాల క్యానొకటి చంకన పెట్టుకుని తంగ్‌మర్గ్ బస్సెక్కాడని తెలిసింది. "ఎవరో కంట్రాక్టరు శాలువా రఫూ చెయ్యాలిట" అంది ఫజీ, కళ్లు ఎటో తిప్పుకుని.

"శాలువాకి పాల క్యాను ఎందుకే?" అని అడిగింది జానా దేద్.

"నాకేం తెలుసు దేద్? ఆ మనిషి చేసే పనులకి నేను జవాబులు చెప్పడం మొదలెడితే నా రెండు జిల్లాలూ ఇంకా నొప్పెడతాయి."

ఆ సాయంత్రం ఖాలిక్ కొట్టు ముందు వాతావరణం లేదు. జనం రొట్టెలు తీసుకున్నారు కానీ కదల్లేదు. ఏదో మర్చిపోయినట్టు అటూ ఇటూ చూసుకున్నారు. గఫార్ అయితే ఉండబట్టలేక, "రేపు చలిగానే ఉంటుందంటారా?" అని ఖాలిక్‌ని అడిగాడు. జానా దేద్ వేలెడు సందు తెరిచి చాలాసేపు చూసి, విసుక్కుని మూసేసింది. విసుగు ఎందుకొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

తెల్లారింది. జానా దేద్ కిటికీ తీసింది. గట్టు మీద మంచు!

తెల్లగా, మెత్తగా, జానెడు మేర పరుచుకుని ఉంది. ఆవిడ గుండె ఒక్క గంతు వేసింది. వంగి కిందికి చూసింది, గుమ్మం మెట్టు మీద కూడా మంచే. ఆనందంతో ఎదురింటి చూరు వంక చూసింది. ఎండిపోయి ఉంది. గఫార్ మేడ మీద లేదు, ఖాలిక్ కొట్టు రేకుల మీద లేదు. సందు ఈ చివర్నించి ఆ చివరి దాకా ఎముకలా ఎండిపోయి ఉంది. పైన ఆకాశం నిన్నటిలాగే నిగనిగలాడుతోంది. మంచు పడ్డదల్లా జానా దేద్ కిటికీ గట్టు మీదా, జానా దేద్ మెట్టు మీదా.

ఆవిడ వేలితో కాస్త కదిపి చూసింది. అందులో సూదుల్లాంటి దేవదారు ఆకులు రెండు కనిపించాయి. ఈ సందులో చెట్టన్నదే లేదు.

అప్పుడు ఆవిడకి అంతా అర్థమైంది. ముందు ఒళ్లు మండిపోయింది. "నన్ను ముష్టిదాన్ని చేశాడా వీడు? ఇంతకాలం నేను గెలిచానని ఊరంతా చాటుకుంటే, వీడు నాకు..." చీపురు తీసింది, మొత్తం ఊడ్చి వాడి నెత్తినే పోద్దామని. చీపురు ఎత్తి ఎదురు కిటికీ వంక చూసింది. అద్దం వెనక సుభాన్ జూ పడుకున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. కూర్చుని పడుకున్నట్టు నటించడం అతనికే చేతనవును. ముక్కు దుంపలా ఎర్రబడింది. మంచు తవ్విన వేళ్లు వాచిపోయి, గుడ్డ పీలికలు చుట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్లతో వారం రోజులు సూది పట్టలేడు. ఓ కన్ను కొద్దిగా తెరిచి ఇటు చూశాడు, వెంటనే మూసుకున్నాడు.

జానా దేద్ చీపురు దించేసింది.

కంటికి ఆనని పోగు తెగినా పసిగట్టే రఫూవాడు. అలాంటివాడు నీళ్లు కారుతున్న రుమాలు చూసి తాయెత్తు అనుకున్నాడా? తన బుద్ధి ఏమై పోయిందిన్నాళ్లూ? వాడు శాలువాకి చేసే పనే తనకీ చేశాడు. చిరుగు ఎవరికీ కనపడకుండా, తనకి కూడా కనపడకుండా. ఆవిడ కళ్లు చెమర్చాయి. కోపం ఎటు పోయిందో పోయింది, దాని చోట వాడి మీద ముద్దు లాంటిదేదో వచ్చి కూర్చుంది. "ఎంత వెధవ్విరా నువ్వు" అనుకుంది.

కానీ ఆవిడ జానా దేద్. ఏటా అబద్ధపు గెలుపు గెలిచిందా? సరే, ఈ ఏడు నిజంగా గెలుస్తుంది. చల్లారిన కాంగ్డీని ముందుకి లాక్కుంది.

ఖాలిక్ కొట్టు ముందు అప్పటికే జనం పోగయ్యారు. సుభాన్ జూ కూడా వచ్చి నిలబడ్డాడు, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి. జానా దేద్ వస్తుంటే అతని కళ్లు ఆవిడ చేతుల్ని వెతికాయి. మూట ఉందా? బుట్ట ఉందా? రుమాలు ఉందా? ఆశ్చర్యపోవడానికి నోరు కూడా కొద్దిగా తెరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆవిడ చేతిలో మూటా లేదు, బుట్టా లేదు. ఫెరన్ లోంచి కాంగ్డీ మాత్రం బయటికి తీసింది. పైన బూడిద కప్పి ఉంది.

"సుభానా" అంది చిన్న గొంతుతో. "నా నిప్పు ఆరిపోయిందిరా. ఇంట్లో బొగ్గు లేదు. మీ పొయ్యిలోంచి కాస్త నిప్పు వేసి ఇస్తావా?"

సందు మొత్తం స్తంభించిపోయింది. జానా దేద్ అడిగింది! ఎవర్నీ ఏదీ అడగని మనిషి నలుగురిలో నిలబడి అడిగింది. ఖాలిక్ చేతిలో రొట్టె తందూరులో పడిపోయి మాడుతున్నా చూసుకోలేదు. సుభాన్ జూ తెరిచి పెట్టుకున్న నోరు అలాగే ఉండిపోయింది. పాల క్యాను, తంగ్‌మర్గ్, పందెం, అన్నీ మర్చిపోయాడు. ఇంతకాలం ఈ ఒక్క మాటకే ఎదురుచూసినట్టు రెండు చేతులూ చాచి కాంగ్డీ అందుకున్నాడు.

"ఇప్పుడే దేద్... ఇదిగో, ఇప్పుడే... నువ్వడగాలా..." బుట్టకి కట్టిన గరిటె తీసి గబగబా బూడిద తోశాడు.

కింద తెల్లగా మంచు.

"నవ్ షీన్ ముబారక్!" అని జానా దేద్ పెట్టిన కేకకి గఫార్ మేడ మీద పావురాలు లేచిపోయాయి.

సుభాన్ జూ కాంగ్డీలోకి చూశాడు, ఆవిడ వంక చూశాడు, మళ్లీ కాంగ్డీలోకి చూశాడు. ఈసారి అతను ఆశ్చర్యం నటించలేదు. నటించే తీరికెక్కడుంది? నిజంగానే దొరికిపోయాడు. మొదట తెల్లబోయాడు, తరవాత చెవుల దాకా ఎర్రబడ్డాడు, ఆ తరవాత పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

అందరూ నవ్వుతుంటే గఫార్ మాత్రం ముందుకొచ్చాడు. "ఆగండాగండి! మంచేది? ఎక్కడ కురిసింది? మా మేడ మీద పొడి పొడిగా ఉంది. సందులో పడిందే లెక్క కదా? ఖాలిక్, తీర్పు చెప్పు!"

ఖాలిక్ మాడిన రొట్టె గీకుతూ సుభాన్ జూ వేళ్లకున్న పీలికలు చూశాడు. జానా దేద్ మెట్టు మీది మంచు చూశాడు. పొడి ఆకాశం చూశాడు. వాళ్ల నాన్న హయాంలో కూడా ఇలాంటి తగాదా వచ్చి ఉండదు.

"పడింది" అన్నాడు. "తెల్లవారుజామున తందూరు వెలిగిస్తుంటే నా కళ్లారా చూశాను. దేద్ ఇంటి దగ్గర పడింది."

"ఒక్క దేద్ ఇంటి దగ్గరే పడ్డానికి ఆ మంచుకేమైనా చుట్టరికమా?"

ఫజీ గఫార్ కాలు కసిక్కిన తొక్కింది. అతను కెవ్వుమని, ఏదో అనబోయి, అప్పుడు చూశాడు. సుభాన్ జూ వాచిన చేతుల్ని చూశాడు, చల్లారిన కాంగ్డీని చూశాడు, నిలబడ్డ చోటే వణుకుతున్న ముసలావిడని చూశాడు. గఫార్‌ది నోరు పెద్దదే కానీ మనసు చెడ్డది కాదు.

"ఆఁ... అవునవును" అన్నాడు గొంతు సర్దుకుని. "నేను నమాజుకి వెళ్తుంటే నా ముక్కు మీద కూడా ఒకటి పడింది. పిట్ట రెట్టేమో అనుకున్నా."

"నా గడ్డం మీద పడింది" అన్నారు ఇమాం గారు గంభీరంగా.

"మా పిల్లి తడిసింది" అంది ఇంకెవరో.

ఇంక చూడండి, ఒకరి మీద ఒకరు పడి సాక్ష్యాలు చెప్పడం. వినేవాడికి ఆ సందులో రాత్రంతా మంచు తుఫాను వచ్చిందేమో అనిపించేది. అందరి మాటలూ అయ్యాక సుభాన్ జూ తల ఎత్తి, గొంతు సవరించుకుని, "నేను చెప్పలేదూ?" అన్నాడు. అతని జన్మలో వాతావరణం నిజమైన రోజు అదొక్కటే. దాన్ని ఎవరూ కాదనలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ఎర్రటి నిప్పులు నింపిన కాంగ్డీ మోసుకుంటూ జానా దేద్ గుమ్మమెక్కాడు. వెనకాల భుజం మీద బొగ్గుల బస్తా కూడా ఉంది. పందెంలో బస్తా మాట లేదు. ఆవిడ బస్తా వంక చూసింది, అతని వంక చూసింది, లోపల పెట్టమని చెయ్యి చూపించింది. కాంగ్డీ ఫెరన్ లోపలికి తీసుకుని, వెచ్చదనం ఒంట్లోకి దిగేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది.

"సుభానా."

"ఏం దేద్, నిప్పులు బూడిద పట్టాయా?"

"నిప్పులు బాగానే ఉన్నాయి. వచ్చే ఏడు మంచు తెచ్చేటప్పుడు మాత్రం జల్లెడ పట్టి తీసుకురా. మన సందులో దేవదారు ఆకులు కురవవు."

సుభాన్ జూ గొంతు సవరించుకున్నాడు. ఏ జిల్లా గుర్తు రాలేదు. బిక్కమొహం వేసి బయటికి జారుకోబోతుంటే ఆవిడ అతని ఫెరన్ అంచు పట్టి లాగి, సమోవార్ పక్కన కూలేసింది.

"ఎక్కడికిరా? కూర్చో. వేళ్లకి వెన్న రాస్తాను. ముందా పీలికలు విప్పు."